ట్యాంకర్ ఎక్కడిదాకా వచ్చింది

నానక్‌రామ్‌గూడలో పదకొండో అంతస్తు.
కిటికీ కింద బండరాళ్లు, వాటిని నమిలే క్రేన్లు.
సముద్రం చూడాలంటే
ఏ దిక్కుకి పోయినా రాత్రంతా బస్సు.
నా జీతం మాత్రం సముద్రం మీదే.

తెర నిండా ఆకుపచ్చ బాణాలు.
ఒక్కో బాణం ఒక్కో ఓడ.
నేనిక్కడున్నా, నేనిక్కడున్నా అంటూ
జాతరలో తప్పిపోయిన పిల్లలా
పేరు చెప్పుకుంటూ పోతుంది.
చెప్పడం మానేసినదాని సంగతి
తెల్లారేలోపు బీమా కంపెనీకి నేను చెప్పాలి.

ఇవాళ్టిది వెల్వెట్ డాన్.
పోయినేడు ఎవాంథియా. అంతకు ముందు ఇంకేదో.
పేరు మీద పేరు, సున్నం మీద సున్నం.
ఏడంకెల నంబరొక్కటే
పుట్టుమచ్చలా మారలేదు.
జెండా, అసలు సముద్రమే లేని దేశానిది.
నవ్వొచ్చింది. నేనేమన్నా తక్కువా.

ఏడూ నలభైకి బాణం ఆరిపోయింది.
తుఫాను లేదు. వార్తల్లో దొంగల్లేరు.
"బంద్ కర్‌దియే," అంది నౌషీన్
ఇయర్‌ఫోన్ తియ్యకుండానే.

కాసేపటికి మణికొండ నుంచి బాలకిష్టయ్య ఫోను.
"మేడం, ట్యాంకర్ రాలే. డ్రైవర్ ఫోన్ స్విచ్చాఫ్."
ఏ ట్యాంకర్ అని అడగబోయి నాలిక్కరుచుకున్నా.
ఏప్రిల్. మా బోరు ఎండి పన్నెండు రోజులు.
గ్రూపులో నలభై ఇళ్లూ నన్నే అడుగుతాయి,
నువ్వు ట్రాకింగేగా, చూసి చెప్పు.

చూశాను.
బండి చుక్క పుప్పాలగూడ మలుపులో
ఎనిమిదిన్నరకే ఆరిపోయింది.

నడిరాత్రి వార్తలు తవ్వాను.
ఏదో రేవు పట్నపు చిన్న పేపరు, నాలుగో పేజీ,
యంత్రం వచ్చీరాక చేసిన అనువాదం:
ఎనిమిది నెలలుగా జీతాల్లేవు.
వాన నీళ్లు పట్టి పప్పు ఉడకేసుకుంటున్న
పంతొమ్మిది మంది.
పేర్లలో ఒక మైలపల్లి.
శ్రీకాకుళం తీరం పేరది, చదవగానే ఉప్పగా తగిలింది.

ఆరిన గంటలకి ముప్ఫై మార్కులు.
పేరు మార్చినందుకు ఇరవై.
జీతాల్లేని మనుషులకి పదిహేను.
అవును, మా లెక్కలో
ఆకలి కూడా ఓడకే ప్రమాదం.

మూడూ ఇరవైకి బాణం వెలిగింది,
మాయమైన చోటికి నలభై మైళ్ల అవతల.
పోయేటప్పుడు నీళ్లలో పద్నాలుగున్నర మీటర్ల లోతు.
ఇప్పుడు తొమ్మిది.
చీకట్లో ఇంకో ఓడ పక్కన చేరి
కడుపు ఖాళీ చేసుకొచ్చింది.

నౌషీన్ కుర్చీ జరుపుకుంటూ వచ్చింది.
"ఆ అంకె దానంతటది మారదు గదా.
ఎవరో చేత్తో కొట్టాలి."

నిజమే. ఎక్కడున్నావో యంత్రం చెబుతుంది,
ఎంత వేగమో యంత్రం చెబుతుంది,
ఎంత మునిగావో మాత్రం మనిషే చెప్పాలి.
ఓనరు ఆపమన్నాడు, కెప్టెన్ ఆపాడు.
పాత అంకే ఉంచమని అనే ఉంటారు.
పంతొమ్మిది మందిలో ఒకడు
నిద్రమత్తులోనో, అలవాటుకొద్దీనో,
తెలిసో,
తొమ్మిది అని కొట్టాడు.

ఆ ఒక్క నిజం పట్టుకునే
ఓడని ఎరుపు చేశాను.
ఇక ఏ రేవూ రానివ్వదు.
దిగాల్సినవాళ్లు ఎప్పుడు దిగుతారో.
కారణం అన్న గడిలో రాశాను: లోతులో తేడా.
కొట్టినవాడి గురించి రాయడానికి
గడి లేదు.

ఐదున్నరకి ఇల్లు చేరేసరికి
గేటు దగ్గర ట్యాంకర్.
పైపు పట్టుకున్న జాటోతు కుర్రాడికి
మీసం ఇంకా సరిగా రాలేదు.
"బ్యాటరీ అయిపోయింది మేడం."
నా కళ్లు టైర్ల మీదికి పోయాయి.
నలగాల్సినంత నలగలేదు.

బాలకిష్టయ్య రసీదు పుస్తకం తెరిచాడు.
"ఫుల్లే గదా మేడం, రాయాల్నా?"
కుర్రాడు చెప్పు కొనతో
తడి మట్టి గీకుతున్నాడు.

సంపు మూత జరిపి కర్ర దించాను.
తడి ఎక్కడిదాకా వచ్చిందో,
ఇంకా పైకి తియ్యలేదు.